అంబర్: తిమింగలం కడుపు చెప్పిన సాక్ష్యం

అరబ్బీ వైద్య, భూగోళ గ్రంథాలను తెలుగు చేసేవారికి ‘అంబర్’ అనే మాట తరచుగా ఎదురవుతుంది. దీనిని తృణమణి అని అనువదిస్తే అర్థం చెడుతుంది. తృణమణి చెట్టు బంక గట్టిపడి ఏర్పడినది. ఆ గ్రంథాలలో దానికి ‘కహ్రుబా’ అనే వేరే పేరుంది. అంబర్ సముద్రం నుండి లభించే సుగంధద్రవ్యం. నేటి పత్రికలు దానిని ‘తిమింగలం వాంతి’ అని రాస్తున్నాయి. ఈ పేరు ఎంతవరకు సరైనది? పూర్వ విద్వాంసులు ఏమన్నారు? వారి మాటల్లో నిలిచినదేది, తొలగినదేది? వీటిని క్లుప్తంగా పరిశీలిద్దాం.

సహీహ్ బుఖారీలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ఒకటి ఉంది. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వాన 300 మంది సముద్రతీరానికి వెళ్ళారు. ఆహారం నిండుకొని ఆకులు తినవలసి వచ్చిన స్థితిలో ‘అంబర్’ అనే మహామత్స్యం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దానిని వారు పదిహేను రోజులు తిన్నారు. దాని పక్కటెముకను నిలబెడితే ఒంటె మీద కూర్చున్న మనిషి కిందుగా దాటిపోగలిగాడు. ఇక్కడ అంబర్ జంతువు పేరు. అదే గ్రంథంలోని జకాత్ అధ్యాయంలో అది సుగంధద్రవ్యం పేరు. అది భూగర్భ నిధి వంటిది కాదనీ, సముద్రం విసిరివేసిన వస్తువనీ హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (రజి) అన్నారు. దానిలో అయిదో వంతు చెల్లించాలని హసన్ బస్రీ అభిప్రాయం. జంతువుకూ, ద్రవ్యానికీ ఒకే పేరు ఉండటం గమనించదగినది.

అయితే ఆ ద్రవ్యం ఎలా పుడుతుందన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. అది సముద్రంలో మొలిచే మొక్క అని కొందరు చెప్పిన మాటను ఇమామ్ షాఫయీ ప్రస్తావించారు. ఇబ్న్ సీనా తన ‘ఖానూన్’లో అది సముద్రగర్భంలోని ఊట నుండి వచ్చేదని భావించారు, నురుగు అనీ, జంతువు పేడ అనీ చెప్పే మాటలు నమ్మదగినవి కావన్నారు. అంతటి వైద్యుడు తోసిపుచ్చిన మాటలోనే సత్యాంశం ఉండటం విశేషం.

10వ శతాబ్దానికి చెందిన అల్ మస్ఊదీ జంజ్ సముద్రపు జాలరుల సంగతి రాశారు. పెద్ద చేప అంబర్‌ను మింగి చచ్చి తేలుతుందనీ, జాలరులు దానిని కొక్కేలతో, తాళ్ళతో లాగి, పొట్ట చీల్చి అంబర్ తీస్తారనీ ఆయన కథనం. చూసిన విషయం నిజమే: అంబర్ జంతువు లోపల దొరికింది. తేల్చిన కారణం మాత్రం తలకిందులు. చేప అంబర్‌ను మింగలేదు. మింగిన దానివల్ల అంబర్ ఏర్పడింది.

దీనికి ఆధారం అంబర్ ముద్దలోనే ఇరుక్కొని ఉంది. ముద్దను పగులగొడితే చిలుక ముక్కును పోలిన నల్లని, గట్టి తునకలు కనిపిస్తాయి. 1783లో ష్వెడియావర్ అనే వైద్యుడు లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో, ఇవి స్పెర్మ్ తిమింగలం తినే స్క్విడ్ జాతి ప్రాణుల ముక్కులని వివరించాడు. ఆహారపు అవశేషాన్ని గుర్తించడంతో ద్రవ్యం పుట్టుక కూడా తేలింది.

ఈ ముక్కులు కైటిన్ అనే పదార్థంతో ఏర్పడతాయి. మాంసం జీర్ణమైపోయినా ఇవి మిగులుతాయి. ఒక్క తిమింగలం కడుపులోనే వేల సంఖ్యలో దొరుకుతాయి. ముఖ్యంగా కింది ముక్కు ఆకారాన్నిబట్టి జాతిని, కొలతనుబట్టి ఆ ప్రాణి పొడవును, బరువును అంచనా వేస్తారు. మాల్కమ్ క్లార్క్ 1986లో ఇందుకోసం ఒక కరదీపిక వెలువరించాడు. చేపలనైతే వాటి చెవిరాళ్ళనుబట్టి గుర్తిస్తారు. కాని చెవిరాళ్ళు కడుపులోని ఆమ్లానికి త్వరగా కరిగిపోతాయి, ముక్కులు చాలాకాలం నిలుస్తాయి. కనుక ముక్కులను మాత్రమే లెక్కపెట్టి, తిమింగలం స్క్విడ్‌లనే తింటుందని తేల్చకూడదు. మిగిలిన సాక్షి చెప్పినది వినాలి. కరిగిపోయిన సాక్షిని కూడా గుర్తుంచుకోవాలి.

తిమింగలం సాధారణంగా ఈ ముక్కులను కక్కివేస్తుంది. అదే అసలైన వాంతి. కొన్ని ముక్కులు పేగుల్లోకి జారి ఒరిపిడి కలిగించగా, వాటి చుట్టూ పదార్థం పేరుకొని అంబర్ ఏర్పడుతుందని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇది చాలా కొద్ది తిమింగలాల్లోనే కనబడుతుంది. 1953లో దక్షిణ సముద్రంలో పట్టిన ఒక తిమింగలంలో 421 కిలోల ముద్ద దొరికింది. కాబట్టి ‘వాంతి’ అనే పేరు సరికాదు. ‘అంబర్’ అనే మాటనే ఉంచి వివరణ జతచేయడం అనువాదకునికి ఉత్తమం.

సముద్రానికి దూరంగా ఉన్న మన హైదరాబాద్‌కు ఈ చర్చ పరాయిది కాదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్‌ల మీదుగా సాగే విజయవాడ రహదారి చివరకు మచిలీపట్నం చేరుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో పర్షియా, అరబ్ తీరాలతో గోల్కొండ వ్యాపారం నడిచింది ఆ రేవు గుండానే. అరబ్బీ ప్రాచీన గ్రంథాలను అచ్చువేసిన దాయిరతుల్ మఆరిఫ్ 1888లో వెలసింది కూడా ఈ నగరంలోనే. నేడు ఆ దారిలో అత్తరు సీసాపై ‘అంబర్’ అనే పేరు కనిపిస్తే, అది సహజమైనదని భావించనవసరం లేదు. ఆ పరిమళాన్ని ప్రయోగశాలల్లోనూ తయారుచేస్తున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో అసలు అంబర్ క్రయవిక్రయాలు నేరం. లక్షలు వస్తాయన్న ఆశతో చేతులు కలిపేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఊట అన్నవారి మాట నిలవలేదు, మొక్క అన్నవారి మాట నిలవలేదు. సముద్రం విసిరిన వస్తువన్న హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (రజి) మాట నిలిచింది. ఆయన కంటికి కనిపించినంతే చెప్పి, తీర్పును దానిపైనే నిలిపారు. పూర్వుల గ్రంథాలు చదివేటప్పుడు వారు చూసినదేది, ఊహించినదేది అని విడదీసి చదవడం వారిని తక్కువ చేయడం కాదు. వారి శ్రమకు మనం చెల్లించవలసిన గౌరవం అదే.