తపస్సుకాలం (కరీంనగర్, ఆదిలాబాద్)

పాస్కాకు (ఈస్టర్‌కు) ముందు కతోలికులు పాటించే ఉపవాస, ప్రార్థనల కాలం. ఉత్తర తెలంగాణలో ఇది కతోలిక సంప్రదాయాన్ని బట్టి రెండు వేర్వేరు రోజుల్లో మొదలవుతుంది. 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం (డయోసిస్) కిందికి వచ్చే కరీంనగర్ లత్తీను విచారణల్లో విభూది బుధవారం నాడు, 1999లో చాందా నుంచి విడివడిన ఆదిలాబాద్ సీరో మలబారు మేత్రాసనంలో దానికి ముందటి సోమవారం నాడు. కిందటేటి మట్టల ఆదివారపు ఆకులను కాల్చి, ఆ బూడిదతో గురువు విశ్వాసుల నుదుటిపై సిలువ గుర్తు వేస్తారు.

ఈ కాలానికి ప్రాణం శుక్రవారపు సిలువ మార్గమే. గుడి గోడలకున్న పద్నాలుగు స్థలాల దగ్గర విశ్వాసులు ఒక్కోచోట మోకరించి, క్రీస్తు శ్రమలను ధ్యానించి, పాడుకుంటూ ముందుకు సాగుతారు. శుక్రవారాల్లో మాంసం ముట్టరు. లత్తీను నియమం ప్రకారం 18 నుంచి 59 ఏళ్లవారికి విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం తప్పనిసరి ఉపవాసాలు. పాపసంకీర్తనం (గురువు వద్ద పాపాలు ఒప్పుకోవడం), దానధర్మాలు కూడా ఈ కాలపు ఆచారాల్లో భాగమే.