రక్తమూ, వారసత్వమూ

పోర్టుబ్లేరు రేవుకు ఎదుటి ఒడ్డున, పడవలో కొద్ది నిమిషాల దూరంలో, బాంబూఫ్లాట్ అనే ఊరు ఉన్నది. తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించునదేది, సంక్రమించనిదేది అనే ప్రశ్నకు ఈ ప్రాంతపు చరిత్ర ఒక సమాధానం చెప్పినది.

1858లో ఆంగ్ల ప్రభుత్వం అండమానులో ద్వీపాంతర ఖైదీల నివాసాన్ని స్థాపించినది. అనేక సంవత్సరాలు సత్ప్రవర్తనతో మెలగిన ఖైదీలకు స్వయంగా జీవించే అనుమతి, కొందరికి సేద్యపు భూమి లభించేవి. వారు ఖైదీ స్త్రీలను వివాహమాడవచ్చును. ఈ దంపతుల సంతతియే 'లోకల్ బార్న్' అనే పేర ఒక సమాజంగా రూపొందినది. తండ్రిది ఒక భాష, తల్లిది మరొక భాష; కులాలూ తరచు వేరే. బిడ్డల నోట మాత్రం హిందుస్తానీయే పలికినది.

మలబారులో 1921లో తిరుగుబాటు చేసిన మోప్లాల విషయం ఇందుకు భిన్నం. వారిలో అనేకులను ఇచ్చటికి పంపి, పిదప కుటుంబాలను కూడ రప్పించినారు. కుటుంబాలు ఒకచోట నిలిచినందున బాంబూఫ్లాట్ పరిసరాల్లో మలయాళం తరతరాలుగా నిలిచినది. భాషను నిలిపినది రక్తం కాదు, ఇల్లు.

పాలకులు మాత్రం నేరం రక్తంలోనే ఉన్నదని తలచినారు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్లే దొంగ కొడుకు దొంగ యగునన్న తర్కంపై 1871లో నేరస్థ తెగల చట్టం పుట్టినది. దాని నీడ తెలుగు దేశంపై కూడ పడినది; బాపట్ల సమీపాన స్టువార్టుపురంలో ఎరుకలవారిని కాపలా నడుమ నివసింపజేసినారు. 1920ల దశకంలో సంయుక్త రాష్ట్రాల భాంటులను బాంబూఫ్లాట్‌కు ఎగువనున్న ఫెరార్‌గంజ్ ప్రాంతానికి తెచ్చినారు.

మెండెల్ బఠాణీ మొక్కలపై చేసిన పరిశోధన 1866లో వెలువడి, 1900లో మరల వెలుగులోనికి వచ్చినది. తల్లి నుండి సగం, తండ్రి నుండి సగం జన్యువులు బిడ్డకు లభించును. రక్తవర్గం, కంటి రంగు, వర్ణాంధత వంటివి వాటివలన నిర్ణీతమగును. స్వభావంపై కూడ వాటి ప్రభావం కొంత ఉండవచ్చును. కాని నేరమనునది శాసనం పెట్టిన పేరు. పాలకుడు మారిన నాడు నిన్నటి ద్రోహి నేటి దేశభక్తుడగును. మారిపోవు పేరును మోయు జన్యువేది?

ఖైదీల మనుమలు రైతులైనారు, ఉపాధ్యాయులైనారు, ఉద్యోగులైనారు. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయినది. అయినను ఆ తెగలలో పుట్టిన బిడ్డను అనుమానపు చూపు ఈనాటికీ వెన్నాడుచునే ఉన్నది. నేరం వారసత్వంగా రాలేదు, నింద వచ్చినది. దానిని అందించినవారు తల్లిదండ్రులు కారు, చుట్టుపట్ల సంఘం.