బ్యాటరీకి సూర్యుడి తోడు

2020లో కరోనా లాక్‌డౌన్ సడలించాక చాలామందికి ఒకే అనుభవం ఎదురైంది. వారాల తరబడి ఇంటిముందు కదలకుండా ఉన్న కారు తాళం తిప్పితే స్టార్టు కాలేదు. వాడకుండానే బ్యాటరీ ఎలా ఖాళీ అయింది?

లెడ్ యాసిడ్ బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. దానికి పుట్టుకతోనే ఒక లోపం ఉంది. ఊరికే ఉన్నా, లోపలి రసాయన చర్యల వల్ల అందులోని విద్యుత్తు మెల్లగా తరిగిపోతుంది. దీనికితోడు కారులోని గడియారం, అలారం వంటివి సదా కొంత విద్యుత్తును తీసుకుంటూనే ఉంటాయి. అవి 50 మిల్లీ ఆంపియర్లు వాడుకుంటాయనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్-గంటలు ఖర్చవుతాయి. 60 ఆంపియర్-గంటల బ్యాటరీ 50 రోజుల్లో పూర్తిగా ఖాళీ! అలా ఖాళీగా వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడతాయి. తర్వాత ఛార్జి చేసినా బ్యాటరీ కోలుకోవడం కష్టం.

చిత్రమేమిటంటే, సౌర ఘటం పుట్టుకకు కూడా బ్యాటరీ సమస్యే కారణం. ఉష్ణమండల ప్రాంతాల తేమకు టెలిఫోన్ల డ్రైసెల్స్ త్వరగా పాడైపోయేవి. దీనికి ప్రత్యామ్నాయం వెతికే పని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డేరిల్ చేపిన్‌కు అప్పగించారు. కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్‌లతో కలిసి ఆయన రూపొందించిన సిలికాన్ ఘటాన్ని 1954 ఏప్రిల్ 25న ప్రదర్శించారు. తనపై పడిన కాంతిశక్తిలో అది సుమారు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చింది. 1955లో జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ వద్ద ఒక గ్రామీణ టెలిఫోన్ లైనుకు ఈ ఘటాలను అమర్చారు. పగలు మిగిలిన విద్యుత్తు బ్యాటరీలో చేరి, రాత్రికి ఉపయోగపడేది. పరీక్ష నెగ్గింది కాని ఖరీదు గిట్టలేదు.

ఖరీదుకు వెరవని చోటు అంతరిక్షం. 1958 మార్చి 17న ఎగిరిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో రెండు ట్రాన్స్‌మిటర్లు ఉండేవి. బ్యాటరీతో నడిచేది ఆ జూన్‌లోనే మూగబోయింది. సౌర ఘటాలతో నడిచేది 1964 దాకా పలికింది.

కారును నడపగలదా?

1960లో ఇంటర్నేషనల్ రెక్టిఫైయర్ కంపెనీ 1912 నాటి బేకర్ విద్యుత్ కారు పైకప్పుపై 10,640 ఘటాలతో ఒక ఫలకం అమర్చింది. పగలంతా ఎండలో ఉంచితే దక్కేది సుమారు గంట ప్రయాణం. ఇప్పటికైనా లెక్క సులభం కాదు. రెండు చదరపు మీటర్ల పైకప్పుపై 20 శాతం సామర్థ్యం గల ఫలకం పెట్టినా, మిట్టమధ్యాహ్నం వచ్చేది 400 వాట్లు. చిన్న కారు ఇంజను సామర్థ్యం 40,000 వాట్ల పైమాటే.

కాని బ్యాటరీని నిండుగా ఉంచడానికి అంత శక్తి అక్కరలేదు. 10 వాట్ల ఫలకం మంచి ఎండలో అర ఆంపియరు ఇస్తుంది. ఐదు గంటల్లో 2.5 ఆంపియర్-గంటలు! పైన చెప్పిన రోజు ఖర్చుకు ఇది రెట్టింపు. ఒక్కో ఘటం అర వోల్టే ఇస్తుంది కనుక, 12 వోల్టుల బ్యాటరీ కోసం 36 ఘటాలను వరుసగా కలుపుతారు. రాత్రివేళ విద్యుత్తు వెనక్కి పారకుండా డయోడు అడ్డుకుంటుంది. ఛార్జి మితిమీరకుండా నియంత్రకం కాపాడుతుంది.

1970లలో ఎలియట్ బెర్మన్ కృషితో వాటు ధర 100 డాలర్ల నుంచి 20కి దిగింది. మెక్సికో సింధుశాఖలోని చమురు వేదికల హెచ్చరిక దీపాలకు సౌర ఫలకాలు వచ్చాయి. తరచూ మార్చవలసిన బరువైన బ్యాటరీల బెడద తీరింది.

మన దేశంలో 2017 జూలైలో ఢిల్లీలో ప్రారంభమైన డెమూ రైలు ఇందుకు మరో ఉదాహరణ. దాని ట్రెయిలర్ పెట్టెల పైకప్పులపై, పెట్టెకు 16 చొప్పున, 300 వాట్ల ఫలకాలు అమర్చారు. రైలును లాగేది డీజిల్ ఇంజనే. పెట్టెల్లోని దీపాలకు, పంకాలకు, బ్యాటరీలకు శక్తి ఎండ నుంచి అందుతుంది.

బండిని లాగలేకపోయిన సౌర ఘటం, దాని బ్యాటరీని బతికించగలిగింది. కొత్త సాధనాన్ని తూచేటప్పుడు అది ఏం చేయలేదో చూసి పక్కన పెట్టేయకూడదు. ఏ పనికి సరిపోతుందో కూడా చూడాలి.