త్సూడ్జిల్: పటంలో పేరు మారినా మారని కొండ



కొండంటే ఏంటో మనకెవరూ చెప్పక్కర్లేదు. కానీ అదే మాట ప్రభుత్వానికి, కోర్టుకి ఎలా చెప్పాలి? అమెరికాలోని నవాహో ఆదివాసులు ఎలా చెప్పారో ఈసారి చూద్దాం.

వాళ్లు తమను తాము డినే అని పిలుచుకుంటారు. వాళ్ల నేలకు నాలుగు దిక్కులా నాలుగు పవిత్ర పర్వతాలే హద్దులు. దక్షిణాన ఉన్నది త్సూడ్జిల్. దాని రంగు నీలం. దాన్ని పెద్ద రాతికత్తితో భూమికి బిగించారని వాళ్ల పెద్దలు చెప్తారు. న్యూ మెక్సికోలో ఉన్న ఈ కొండ ఎత్తు 11,301 అడుగులు. 1849లో ఒక సైనికాధికారి దీనికి అధ్యక్షుడు జకరీ టేలర్ పేరు పెట్టాడు. పటాల్లో మౌంట్ టేలర్ అయిపోయింది.

1863-64లో సైన్యం నవాహోల పంటలు తగలబెట్టి, పండ్ల చెట్లు నరికి, వేల మందిని వందల మైళ్లు నడిపించింది. బోస్క్ రెడోండో అనే చోట బంధించింది. ఆకలికి, రోగాలకు ఎంతోమంది చనిపోయారు. 1868లో వేరే ప్రాంతానికి పంపుతామంటే నాయకుడు బార్బొన్‌సిటో ఒప్పుకోలేదు, మా నేలకే పోతామన్నాడు. జూన్ 1న ఒప్పందం కుదిరింది. తిరుగుదారిలో త్సూడ్జిల్ శిఖరం కనబడినప్పటి సంతోషాన్ని మాన్యువెలిటో అనే నాయకుడు తర్వాత గుర్తు చేసుకున్నాడు.

కానీ ఒప్పందం గీసిన హద్దుల్లో ఆ కొండ లేదు. మనుషులు ఇల్లు చేరారు, కొండ మాత్రం బయటే ఉండిపోయింది. తర్వాత అది ప్రభుత్వ అడవి అయింది. 1950ల నుంచి ఆ చుట్టుపక్కల యురేనియం తవ్వారు. గనుల్లో పనిచేసిన నవాహోలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. 2005లో నవాహో నేషన్ తన నేలపై యురేనియం తవ్వకాన్ని నిషేధించింది. కానీ ఈ కొండ ఆ హద్దు బయట ఉంది కదా!

అందుకే నవాహో, అకోమా, లగూనా, జూనీ, హోపీ తెగలు ఒక్కటయ్యాయి. కొండను తమ సంప్రదాయ సాంస్కృతిక స్థలంగా గుర్తించమని రాష్ట్రాన్ని అడిగాయి. 2009లో గుర్తింపు వచ్చింది. గనుల కంపెనీలు, భూయజమానులు కోర్టుకెక్కారు. 2014లో రాష్ట్ర సుప్రీంకోర్టు, కొంత భూమి మినహా, ఆ గుర్తింపును నిలబెట్టింది. దీంతో తవ్వకాలు పూర్తిగా ఆగిపోవు. కానీ తెగలను అడగకుండా ముందుకు పోవడం కష్టం.

మన నల్లమలలోనూ యురేనియం మాట వచ్చింది. చెంచులు, మిగతా జనం ఎదురు తిరిగాక 2019 సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది.

నవాహోలు కోర్టులో నిలబడింది పెద్దల దగ్గర దాచుకున్న పేర్లు, కథలు, మొక్కుల బలంతోనే. కాబట్టి సెలవులకు ఊరెళ్లినప్పుడు మన కొండల అసలు పేర్లు, అక్కడ జరిగే పండగలు తాతల్ని, అవ్వల్ని అడిగి రాసుకుందాం. ఇక్కడ పోస్ట్ చేద్దాం. రేపు ఎవరైనా "ఈ కొండ మీదని ఏంటి రుజువు?" అంటే చూపించడానికి ఉండాలి.