పాజిట్రాన్: సమీకరణం నుంచి ఆసుపత్రి వరకు

1928లో పాల్ డిరాక్ ఎలక్ట్రాన్‌కు రాసిన సమీకరణం రుణశక్తి గల సాధనలను కూడా ఇచ్చింది. వాటిని అర్థరహితమని ఆయన కొట్టివేయలేదు. మొదట ప్రోటాన్‌తో ముడిపెట్టి, అది పొసగక, 1931లో ధనావేశం గల ‘ప్రతి ఎలక్ట్రాన్’ ఉండాలని ప్రతిపాదించారు. 1932లో అమెరికాలో కార్ల్ ఆండర్సన్‌కు విశ్వకిరణాల ఫొటోలలో ఆ కణం జాడ కనిపించింది. అయితే ఆయన డిరాక్ కణం కోసం వెతకలేదు.

పాజిట్రాన్, ఎలక్ట్రాన్ కలిసి నశించినప్పుడు దాదాపు వ్యతిరేక దిశల్లో రెండు గామా ఫోటాన్లు వెలువడతాయి. రెండింటినీ ఒకేసారి నమోదు చేస్తే, అవి పుట్టిన స్థానం ఏ రేఖపై ఉందో తెలుస్తుంది. 1950లలో బోస్టన్‌లో బ్రౌనెల్, స్వీట్ ఈ పద్ధతితో, పుర్రె తెరవకముందే మెదడు కణితి స్థానాన్ని గుర్తించారు. 1970లలో కంప్యూటర్ తోడై పెట్ స్కాన్ రూపొందింది. డిరాక్ గాని, ఆండర్సన్ గాని వైద్యాన్ని ఉద్దేశించి పనిచేయలేదని గమనించండి.