లినక్స్ కంప్యూటర్లలో ఉమ్మడి ప్రింటర్: లోపాన్వేషణ - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

పరిశోధన విభాగాల్లో పది కంప్యూటర్లకు ఒకే ప్రింటర్ ఉండడం సర్వసాధారణం. అది ఆగినప్పుడు తప్పు కాగితంలో ఉందా, తీగలో ఉందా, మధ్యనున్న సాఫ్ట్‌వేర్‌లో ఉందా అన్న ప్రశ్న తలెత్తుతుంది. యూనిక్స్, లినక్స్ వ్యవస్థలు ఈ ప్రశ్నకు ఒక్కో కాలంలో ఒక్కో రకమైన సమాధానం ఇచ్చాయి. లోపం ఎక్కడ పుడుతుందన్నది, నెట్‌వర్క్‌లో ఎవరిని నమ్మవచ్చని ఆ కాలపు రూపకర్తలు భావించారన్న దానిపై చాలావరకు ఆధారపడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

తొలి దశ:

1980 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ లేజర్ ప్రింటర్ వచ్చింది. పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే, ముద్రణ కోసం ఎదురుచూస్తున్న వారందరి తెరలపైనా సందేశం కనిపించేలా రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రామును సవరించి ఉన్నాడు. కొత్త యంత్రానికి మూల సంకేతం లభించకపోవడంతో ఆ సవరణ సాధ్యపడలేదు. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటనకు దారితీసిన అనుభవాల్లో దీనిని ఒకటిగా చెప్పడం పరిపాటి. అయితే అంతకుముందే అది నెట్‌వర్క్ ప్రింటర్ లోపాన్వేషణకు సంబంధించిన ఘటన అన్న సంగతి మరుగున పడింది.

అదే 1983లో వెలువడిన 4.2 బి.ఎస్.డి. యూనిక్స్‌లో ఎల్.పి.డి. అనే ముద్రణ సేవ ఉంది. పని ముందుగా డిస్కుపై వరుసలో చేరి, తన వంతు వచ్చినప్పుడు ప్రింటర్‌కు వెళ్తుంది. ఈ పద్ధతి 1990లో ఆర్.ఎఫ్.సి. 1179గా నమోదైంది. అందులోని ఒక నియమం ప్రత్యేకంగా గమనించదగినది: పని పంపే కంప్యూటర్ 721 నుండి 731 వరకు గల పోర్టులలో ఒకదాని నుండే మాట్లాడాలి. యూనిక్స్‌లో 1024 కంటే తక్కువ సంఖ్య గల పోర్టును తెరిచే అధికారం నిర్వాహకుడికే ఉంటుంది కనుక, అక్కడి నుండి వచ్చిన అభ్యర్థన నమ్మదగినదని భావించారు. ఫలితంగా అందుబాటులో ఉన్నవి పదకొండు పోర్టులే. ముగిసిన సంభాషణ తాలూకు పోర్టు వెంటనే ఖాళీ కాదు. చిన్న చిన్న పనులు వెంటవెంటనే పంపితే పోర్టులన్నీ నిండి ముద్రణ ఆగిపోతుంది. కొంతసేపటికి దానంతటదే సాగుతుంది. ఈలోగా ప్రింటర్‌ను ఆపి మళ్లీ వేసినవారు, తమ చికిత్సే ఫలించిందని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. యంత్రంలో గాని తీగలో గాని ఏ దోషమూ లేదు. దోషం నమ్మకాన్ని పోర్టు సంఖ్యతో కొలిచిన ఊహలోనే ఉంది.

కప్స్ రాక:

మైఖేల్ స్వీట్ 1997లో ప్రారంభించిన కప్స్ 1999లో విడుదలైంది. ఇది ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్ ఆధారంగా, 631వ పోర్టుపై పనిచేస్తుంది. ఎల్.పి.డి.లో ప్రింటర్ స్థితి మనుషులు చదువుకునే వాక్యంగా మాత్రమే వచ్చేది. కొత్త ప్రోటోకాల్‌లో కాగితం అయిపోవడానికి, ఇరుక్కోవడానికి వేర్వేరు ప్రామాణిక పదాలు ఏర్పడ్డాయి. స్టాల్‌మన్ కోల్పోయిన సందేశం ఇరవై ఏళ్ల తర్వాత ప్రమాణంగా తిరిగివచ్చిందన్నమాట. లోపాల చిట్టాను కూడా కప్స్ ఒక ఫైలులో భద్రపరుస్తుంది.

అయినా సామాన్య వినియోగదారుని కష్టం తీరలేదు. 2004లో ఎరిక్ రేమండ్, తన ఇంట్లోనే మరో కంప్యూటర్‌కు తగిలించిన ప్రింటర్‌ను వాడుకోబోయి పడిన అవస్థను ఘాటైన వ్యాసంగా రాశాడు. ఓపెన్‌సోర్స్‌ను గట్టిగా సమర్థించే వ్యక్తే అలా రాయడం వల్ల అది విస్తృత చర్చకు దారితీసింది.

ప్రింటర్లు వాటంతటవే కనిపించాలన్న కోరికకు కప్స్ మొదటి నుండీ ఇచ్చిన జవాబు, 631వ పోర్టుపై చేసే యు.డి.పి. ప్రకటన. నెట్‌వర్క్‌లో వినిపించిన ప్రకటనను అది నమ్మేది. 2012లో 1.6వ సంచికతో కప్స్ ఈ పద్ధతిని విడిచిపెట్టి డి.ఎన్.ఎస్.-ఎస్.డి. వైపు మళ్లింది. పాత సర్వర్లున్న సంస్థలకు ఇబ్బంది కలగకుండా కప్స్-బ్రౌజ్డ్ అనే అనుబంధ ప్రోగ్రాము దానిని కొనసాగించింది. 2024 సెప్టెంబరులో సిమోన్ మార్గారిటెల్లి బయటపెట్టిన భద్రతా లోపాలలో ఒకటి సరిగ్గా ఇక్కడిదే: ఎవరు పంపిన ప్రకటననైనా ఆ ప్రోగ్రాము స్వీకరిస్తోంది. వెంటనే దానిని ఆపివేయమని నిర్వాహకులకు సూచనలు వెళ్లాయి. ఆపివేసిన చోట, దానిపై ఆధారపడిన ప్రింటర్లు జాబితాల్లోంచి మాయమయ్యాయంటే అది లోపం కాదు, చికిత్స ఫలితం.

తెలుగు ముద్రణ:

పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్లలో సాధారణంగా అమర్చి వచ్చిన 35 ఫాంట్లలో తెలుగు లేదు. కనుక గుణింతాలు, ఒత్తులు కంప్యూటర్‌లోనే కూర్చబడి, ఫాంటుతో సహా ప్రింటర్‌కు చేరాలి. ఆ కూర్పు జరగని మార్గంలో పాఠం వెళ్తే ఒత్తులు విడిపోతాయి, లేదా ఖాళీ పెట్టెలు అచ్చవుతాయి. పై పేరాలలో చర్చించిన సాధనాలేవీ దీనిని పట్టుకోలేవు. పుట మొత్తం పెట్టెలతో నిండినా, కప్స్ చిట్టాలో ఆ పని విజయవంతంగా పూర్తయినట్టే నమోదవుతుంది. తెలుగు విభాగంలో లోపాన్వేషణ అచ్చయిన కాగితాన్ని చదవడంతోనే మొదలుకావలసి వస్తోంది.