తోవ చెప్పే గొంతు: కంప్యూటర్ ర్యాలీ ఆటలు, ఉత్తరాంధ్ర దారులు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: మట్టిదారుల మీద సాగే ర్యాలీ కారు పందాలు కంప్యూటర్ ఆటలుగా 1990వ దశకంలో విస్తృత ప్రచారం పొందాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల యువకులకు నెట్ సెంటర్ల ద్వారా, విద్యార్థుల గదుల ద్వారా ఇవి పరిచయమయ్యాయి. ఈ ఆటలకు ఆయువుపట్టు ముందున్న తోవను మాటల్లో చెప్పే గొంతు. అటువంటి గొంతు ఉత్తరాంధ్ర ప్రయాణ సంప్రదాయంలో పల్లకీ బోయీల కాలం నుంచి ఉంది. ఆ రెండింటి సంబంధాన్ని, దానివల్ల తెలుగు భాషాపరిశోధనకు ఏర్పడే కర్తవ్యాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ర్యాలీ, కంప్యూటర్ ఆటలు, ఉత్తరాంధ్ర, ఘాటీ దారి, వృత్తిపదాలు, నెట్ సెంటర్.

1. ప్రవేశిక

ఆటల చరిత్ర అనగానే మన పరిశోధకుల దృష్టి చెడుగుడు, కర్రసాము, వామనగుంటలు వంటి జానపద క్రీడల మీదికి పోతుంది. గత పాతికేళ్లలో పట్టణ యువకులు గంటల తరబడి ఆడిన కంప్యూటర్ ఆటలు అంతగా చర్చకు రాలేదు. వాటిని విదేశీ సరుకుగా, కాలక్షేపంగా కొట్టిపారేయడం సులభం. కానీ ఒక ఆట ఒక ప్రాంతానికి చేరినప్పుడు అక్కడి మాటలతో, అలవాట్లతో, భూగోళంతో కలిసి కొత్త రూపం పొందుతుంది. ర్యాలీ ఆట అందుకు మంచి ఉదాహరణ. దారిని ఎలా చదవాలి, చదివినదాన్ని పక్కవాడికి ఎలా చెప్పాలి అన్న ప్రశ్నలే ఈ ఆటకు మూలం కనుక దీనిని భాషాచరిత్రలో భాగంగా కూడా పరిశీలించవచ్చు.

2. ర్యాలీ ఆట స్వభావం, పరిణామం

ర్యాలీలో కార్లు ఒకదాని వెంట ఒకటి విడివిడిగా బయలుదేరి, మూసివేసిన దారిఖండాన్ని ఎంత తక్కువ కాలంలో దాటగలవో తేల్చుకుంటాయి. పోటీకి ముందు డ్రైవరు, కో-డ్రైవరు కలిసి ఆ దారిని నెమ్మదిగా చూసివస్తారు. ప్రతి మలుపునూ, మిట్టనూ, పల్లాన్నీ సంకేతాలతో పుస్తకంలో రాసుకుంటారు. వీటినే పేస్‌నోట్స్ అంటారు. పోటీలో కో-డ్రైవరు వాటిని చదువుతూ ఉంటే, కంటికి ఇంకా కనిపించని మలుపుకు డ్రైవరు ముందే సిద్ధపడతాడు. బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో మలుపు తీవ్రతను 1 నుంచి 6 వరకు అంకెలతో చెబుతారు. 1 అంటే బాగా ముడుచుకున్న మలుపు. 6 అంటే వేగం పెద్దగా తగ్గించనక్కరలేనిది.

ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ 1973లో మొదలైంది. కంప్యూటర్ ఆటల్లో సెగా సంస్థవారి 'సెగా ర్యాలీ ఛాంపియన్‌షిప్' (1995) తారుకూ మట్టికీ చక్రాల పట్టులో తేడా చూపించి పేరుపొందింది. 1998లో కోడ్‌మాస్టర్స్ సంస్థ 'కాలిన్ మెక్‌రే ర్యాలీ'ని విడుదల చేసింది. 1995లో ప్రపంచ విజేతగా నిలిచిన స్కాట్లండ్ డ్రైవరు పేరు దీనికి పెట్టారు. ఆయన కో-డ్రైవరు నికీ గ్రిస్ట్ స్వయంగా తన గొంతు ఇచ్చాడు. 2004లో వచ్చిన 'రిచర్డ్ బర్న్స్ ర్యాలీ' వాస్తవికతకు పెద్దపీట వేసింది; ఒక చిన్న తప్పుకే కారు చెట్టుకు కొట్టుకొని ఆట ముగిసిపోతుంది. 2015లో 'డర్ట్ ర్యాలీ', 2019లో దాని రెండవ భాగం అదే మార్గంలో నడిచాయి. చిత్రాల నాణ్యత ఎంత మారినా, పక్కన కూర్చొని తోవ చెప్పే గొంతు మాత్రం వీటన్నిటిలోనూ నిలిచి ఉంది.

3. ఉత్తరాంధ్రలో ఆట ప్రవేశం

భారతదేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 15 ఆగస్టు 1995న అందుబాటులోకి వచ్చింది. తరువాతి కొన్నేళ్లలో జిల్లా కేంద్రాల నుంచి చిన్న పట్టణాల వరకు నెట్ సెంటర్లు వెలిశాయి. పరీక్షా ఫలితాల కోసం, దరఖాస్తుల కోసం పెట్టిన యంత్రాలే ఖాళీ వేళల్లో ఆటయంత్రాలయ్యాయి. ఇదే కాలంలో ఇంజనీరింగ్ కళాశాలలూ వచ్చాయి. రాజాంలో జి.ఎం.ఆర్. సంస్థ, విజయనగరంలో ఎం.వి.జి.ఆర్. కళాశాల 1997లో, టెక్కలిలో ఆదిత్య సంస్థ 2001లో ఏర్పడ్డాయి. విద్యార్థుల గదుల్లోకి కంప్యూటరు చదువు పేరుతోనే వచ్చింది. దాని వెంట ఆట కూడా వచ్చింది.

ఆట సాధారణంగా నకలు సీడీ రూపంలో చేతులు మారేది. ఆ సీడీతోపాటు ఆట నియమాలు వివరించే పుస్తకం ఉండేది కాదు. కనుక తెరమీద కనిపించే బాణం గుర్తుకు, ఇంగ్లీషులో వినిపించే 'లెఫ్ట్ ఫోర్'కు అర్థం ముందుగా ఆడినవాడు తరువాతి వాడికి చెప్పవలసిందే. ఈ జ్ఞానం మౌఖికంగానే వ్యాపించింది.

ఆడే సాధనం కూడా గమనించదగినది. స్టీరింగు, పెడళ్లు కొనగలిగినవారు అరుదు. చాలామందికి కీబోర్డే కారు. బాణం మీట నొక్కితే పూర్తిగా తిరుగుతుంది, వదిలితే తిరగదు. సగం తిప్పడమన్నది లేదు. కనుక మట్టిమీద జారే కారును మీటను చిన్నచిన్న దెబ్బలతో తట్టుతూ అదుపులో పెట్టాలి. గంటకు ఇంత అని డబ్బు కట్టాలి కాబట్టి ఇద్దరు ముగ్గురు ఒకే యంత్రం ముందు చేరేవారు. స్పీకరు లేని యంత్రం మీదో, చుట్టూ గోల ఉన్న గదిలోనో నికీ గ్రిస్ట్ గొంతు వినపడకపోతే, పక్కనున్న స్నేహితుడే "ఒరే, ముందర పెద్ద మలుపురా, తగ్గించు" అని అరిచేవాడు. ఖర్చు పంచుకోవడానికి వచ్చినవాడు అలా కో-డ్రైవరయ్యాడు. ఈ గదులు చాలావరకు అబ్బాయిల లోకంగానే ఉండిపోయాయన్నది కూడా ఈ చరిత్రలో నమోదు కావలసిన విషయం.

4. ఆటకు ముందున్న చరిత్ర

పక్కవాడు తోవ చెప్పడమన్నది ఈ ప్రాంతానికి కొత్త కాదు. మోటారు రాకముందు పల్లకీని మోసిన బోయీలలో ముందున్నవాడికే దారి కనిపించేది. రాయి, గుంట, నీరు, ఎత్తు, పల్లం వచ్చినప్పుడు అతడు లయబద్ధంగా హెచ్చరిక పలికితే, దారి కనపడని వెనకవాడు ఆ మాటను బట్టి అడుగు వేసేవాడు. కంటికి కనపడని దారిని చెవితో చూడటం ఇదే. పేస్‌నోట్స్‌కు ఇది పనిలో పూర్వరూపం.

మైదానం నుంచి కొండమీదికి సరుకు తొలుత పెరికెడ్ల మీద నడిచింది. ఉప్పు పైకి, ధాన్యం కిందికి మోసుకుపోయిన బంజారాల బిడారులు కనుమదారులను కాలితో గుర్తుపెట్టుకున్నాయి. బ్రిటిష్ పాలనలో సాలూరు నుంచి కొరాపుట్ వైపు బండ్లు ఎక్కగల ఘాటీ రోడ్డు పడింది. 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్టణం జిల్లా గెజిటీరు కాలానికి శ్రీకాకుళం, విజయనగరం రెండూ ప్రత్యేక జిల్లాలు కావు. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో జిల్లాలయ్యాయి. సాలూరు ఇప్పుడు 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. పాలనా సరిహద్దులు మారినా ఘాటీ ఘాటీగానే ఉంది.

ఆ దారి మీద సాలూరు లారీ రవాణాకు పేరుపడ్డ పట్టణంగా ఎదిగింది. ఘాటీ ఎక్కే లారీలో డ్రైవరు పక్కన క్లీనరు ఉంటాడు. మలుపులో తల బయటపెట్టి ఎదురుబండిని చూసి చెప్పడం, లోయ అంచుకు చక్రం ఎంత దూరంలో ఉందో చెప్పడం, వెనక్కి తీసేటప్పుడు బండి పక్కను చరుస్తూ "రానీ, రానీ, ఆపు" అనడం అతని పని. బస్సు కండక్టరు 'రైట్ రైట్', 'హోల్డాన్' అనేవి ఇంగ్లీషు నుంచి వచ్చి, ఇంగ్లీషని గుర్తురానంతగా తెలుగైపోయాయి. బోయీ, క్లీనరు, నెట్ సెంటరులోని స్నేహితుడు ముగ్గురూ ఒకే పని చేశారు. వాహనం నడిపేవాడికి ఒక క్షణం ముందు తోవను మాటగా అందించారు.

5. తోవ మాటలు

ఈ పనికి కావలసిన పదసంపద ఉత్తరాంధ్ర మాండలికంలో ఉంది. దారికి ఇక్కడి సహజమైన మాట 'తోవ'. కొండనుంచి దిగే వాగు 'గెడ్డ'. రోడ్డు కింద నీరు పోయే తూము 'మదుము'. పొలాల మధ్య బండ్లు నడిచే దారి 'డొంక', ఇళ్ల మధ్య ఇరుకు సందు 'గొర్జి'. వీటికి ఊబి, గతుకు, జారుడు, వాలు వంటి మాటలు తోడవుతాయి. వాననాడు గెడ్డ దాటడం, ఉద్దానం ఇసుకలో చక్రం కూరుకుపోవడం, ఎర్రమట్టి తడిసి జారడం వేర్వేరు అనుభవాలు. వాటికి వేర్వేరు మాటలున్నాయి.

దిక్కు చెప్పే మాటలు మరీ ఆసక్తికరమైనవి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు దాటుతుంది. కనుక హెచ్చరిక పొట్టిగా, ఒకదానితో ఒకటి పొరబడకుండా ఉండాలి. 'ఎడమ'లో మూడక్షరాలున్నాయి. కాడికి కట్టిన ఎడ్లలో ఎడమవైపుది దాపలి, కుడివైపుది వలపలి. ఆ జంటను 'దాప', 'వల' అని కుదిస్తే రెండేసి అక్షరాలే. ధ్వనిలోనూ స్పష్టమైన భేదం ఉంది. 'దాప మూడు, గెడ్డ' అంటే చాలు: ఎడమకు మధ్యరకం మలుపు, వెంటనే నీరు. సేద్యపు నుడికారం యంత్రవేగానికి పనికిరాదన్న అపోహకు ఇదొక సమాధానం.

6. తెరమీద లేని తోవలు

1998 నాటి 'కాలిన్ మెక్‌రే ర్యాలీ'లో న్యూజిలాండ్, గ్రీస్, స్వీడన్, ఇండొనేషియా తదితర దేశాల దారులున్నాయి. పైన పేర్కొన్న ఇతర ర్యాలీ ఆటలలో ఫిన్లండ్, వేల్స్, అర్జెంటీనా, పోలండ్ దారులు కనిపిస్తాయి. భారతదేశపు తోవ వీటిలో లేదు. ఘాటీకి దగ్గరలో పుట్టిన యువకుడు తాను ఎన్నడూ చూడని ఫిన్లండ్ అడవిలో ఏ మిట్ట దగ్గర కారు గాలిలోకి లేస్తుందో చెప్పగలడు. తన ఊరి దారికి అటువంటి చిత్రపటం లేదు. ఫోనుమీద ఆడే బస్సు ఆటలలో మన కుర్రవాళ్లు విదేశీ దారిమీద నడిచే బస్సుకు ఆర్.టి.సి. రంగులు వేసుకోవడం ఈ లోటును పూరించుకునే ప్రయత్నమే.

మరో పార్శ్వం కూడా ఉంది. ఆటలో దారి లేకపోవడం వినోదం. మన్యంలో అది ప్రాణాంతకం. రోడ్డులేని గూడేల నుంచి గర్భిణులను, రోగులను డోలీ కట్టి మోసుకువచ్చే వార్తలు ఇంకా వస్తూనే ఉన్నాయి. డోలీ ముందు కొమ్ము పట్టినవాడు వెనకవాడికి ఇప్పటికీ తోవ చెప్పవలసిందే. పల్లకీతో ముగిసిందనుకున్న ఆ గొంతుకు అక్కడ ఇంకా పని ఉంది. అందుచేత ఈ మాటలను గతవైభవంగా కాక వర్తమాన జీవనభాషగా చూడాలి.

7. ముగింపు

వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఈ నేలమీదే పనిచేశారు. సవర భాష నేర్చి దానికి నిఘంటువు కూర్చిన గిడుగు కృషి, పలికే మాటను పలికేవాడి దగ్గరే వినాలని నేర్పింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం ఆ మార్గాన్ని శాస్త్రీయం చేసింది. అదే పద్ధతిలో సాలూరు లారీ డ్రైవర్ల, క్లీనర్ల, ఘాటీ బస్సు సిబ్బంది, డోలీ మోసేవారి తోవమాటలను సేకరించాలి. లారీల్లో క్లీనరు లేకుండా నడపడం పెరుగుతున్న ఈ రోజుల్లో ఆలస్యం చేస్తే వినడానికి గొంతులు మిగలవు.

సేకరించిన మాటలకు పుస్తకంతో పాటు మరో చోటు కూడా ఉంది. 'రిచర్డ్ బర్న్స్ ర్యాలీ'కి అభిమానులు రెండు దశాబ్దాలుగా కొత్త దారులు నిర్మిస్తూ, తమతమ భాషల్లో కో-డ్రైవరు గొంతులు చేరుస్తూ వస్తున్నారు. ఆ వరుసలో తెలుగు చేరడానికి సాంకేతికమైన అడ్డంకి ఏదీ లేదు. కావలసినవి కొన్ని వందల పొట్టి మాటలు, వాటిని స్పష్టంగా పలికే ఒక గొంతు. ఆ మాటలు ఘాటీ మీద ఇంకా వినిపిస్తున్నాయి. వాటిని రాసుకోవలసిన బాధ్యత భాషాపరిశోధకులది.